ద్రాక్షతోట చూసొచ్చిన ఆంటీ

మంగళవారం ఉదయం న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఆఫీస్ ముందు కారు పార్క్ చేస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "సండే స్కూల్ ఆంటీ పోయారంట" అంది. "ఏ ఆంటీ?" అన్నాను. మా తెలుగు చర్చిలో సండే స్కూల్ ఆంటీ ఒక్కరే. అయినా అడిగాను. ముందురోజు సాయంత్రమే ఆమె ఫోన్ చేసి, క్రిస్మస్ నాటికలో గొర్రెపిల్లల తోకలు దూదితో చేయాలా, ఉన్నితో చేయాలా అని నన్ను సలహా అడిగారు. జబ్బు లేదు, ఆస్పత్రి లేదు. పొయ్యి మీద టీ పెట్టి కుర్చీలో కూర్చున్నారట. అంతే. ఇది రాస్తున్నప్పుడు కూడా అమ్మ చెప్పింది ఇంకెవరి గురించో అనే అనిపిస్తోంది.

నా చిన్నప్పుడు తెలుగు అక్షరాలూ, బైబిలు కథలూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పాఠానికి ముందు అందరికీ తలో ఇడ్లీ పెట్టేవారు. "ఆకలితో విన్నది నిలవదమ్మా" అనేవారు. ఆమెకు బాగా ఇష్టమైన పాఠం ద్రాక్షతోట. చార్టు మీద పచ్చటి తీగ గీసి, ఊదారంగు బెలూన్లు అంటించేవారు.

ఈ అక్టోబరు మొదట్లో ఒకరోజు ఉన్నట్టుండి, "న్యూయార్క్‌లో పైనెక్కడో పాతకాలం ద్రాక్షతోటలున్నాయంటగా? ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఒక్క తీగనైనా ముట్టుకోలేదు. డ్రైవ్ చేస్తావా?" అని అడిగారు.

ఫింగర్ లేక్స్ అనే ఆ సరస్సుల ప్రాంతం దాకా దారిలో కనిపించిన ప్రతి బోర్డునీ, వాచకం చదివినట్టు, పైకి చదివారు. హామండ్స్‌పోర్ట్ అనేది అక్కడ ఒక సరస్సు కొసన ఉన్న చిన్న ఊరు. గుర్రబ్బండ్ల రోజుల్లో రాతితో కట్టిన వైన్ నేలమాళిగలు అక్కడ ఇంకా ఉన్నాయి. కొండవాలు మీద ఒక తోట యజమానురాలు ఆంటీ చీరనూ, స్నీకర్లనూ చూసి నవ్వి, కోసుకోమంది. ఆంటీ ముందు తీగ మొదలును నిమిరారు. తర్వాత ఒక పండు నోటి దగ్గర పెట్టుకుని నొక్కి, కళ్ళు పెద్దవి చేశారు. "తోలు చేతిలో ఉండిపోయిందే! లోపలిది జారిపోయింది! మన ద్రాక్ష ఇలా ఉండదు కదే!"

వైన్ రుచి చూడమంటే గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, "నో నో, జ్యూస్ ప్లీజ్" అన్నారు. తిరిగి వచ్చేముందు నేపుల్స్ అనే ఊళ్ళో ద్రాక్షగుజ్జు కూరి కాల్చిన 'పై' తిని, ఊదాగా మారిన నాలుక చాపి చూపించారు. నేలమాళిగలో వైన్ పీపాల ముందు నా చేత తీయించుకున్న ఫొటోని ఆ రాత్రే వాట్సాప్‌లో స్టేటస్‌గా పెట్టుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘ పెద్ద అంకుల్ అందరి ముందూ అడిగేశారు. "పిల్లలకి చెప్పేవాళ్ళే వైనరీల్లో ఫొటోలు దిగితే ఎలాగండీ? ఇది కమిటీలో పెట్టాలి."

ఆంటీ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "చూడకుండా చెప్పడం బాలేదనిపించింది బ్రదర్. అందుకే వెళ్ళాను."

ఆ మాట అని, తోట నుంచి తెచ్చిన పళ్ళపెట్టెతో క్లాసులోకి వెళ్ళారు. కాసేపటికి పిల్లల కేకలతో హాలు మారుమోగింది. తోలు నొక్కి, లోపలి గుజ్జు ఎవరి నోట్లోకి సూటిగా పడుతుందా అని పందెం! అంకుల్ గుమ్మం దాకా వచ్చారు. ఆంటీ ఒక గుత్తి ఆయన ముందుకు చాపారు. ఆయన తీసుకోలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు.

కమిటీ మీటింగ్ నవంబరులో ఒక శనివారానికి పెట్టారు. ఆ శనివారమే ఆమెను సమాధి చేశాం.

అందరూ కార్ల వైపు వెళ్తుంటే అంకుల్ నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఆ తోట ఏ ఊళ్ళో?"

చెప్పాను. "చాలా దూరం అంకుల్. ఇప్పుడు పళ్ళేం ఉండవు. ఆకులు కూడా రాలిపోయుంటాయి."

"పర్లేదు. చూసొస్తాను."

ఫోన్‌లో మ్యాప్ తెరిచారు గానీ, ఊరి పేరు స్పెల్లింగ్ తెలియక నా చేతికిచ్చారు. నేనే టైప్ చేసిచ్చాను. శ్మశానం గేటు దగ్గర మొదలై, కొండలు దాటుతూ సరస్సు దాకా ఒక నీలిగీత మ్యాప్ మీద పరుచుకుంది. కోటు గుండీలు పెట్టుకోవడం కూడా మరిచిపోయి, ఆ చలిగాలిలో ఆయన దాన్నే చూస్తూ నిలబడిపోయారు.