మాస్టారి తెర మీద కదలని గీత

మా మాస్టారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. నెల్లూరు ఆసుపత్రి నుంచి అమ్మగారు, ఆయన భార్య, ఫోన్ చేసి "సార్ లేరు నాయనా" అని మాత్రం అన్నారు. నేను రొయ్యల గుంట గట్టున మోటారు విప్పుతున్నాను. విప్పిన బోల్టులు చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరై, మైపాడు సముద్రతీరం దగ్గర ఉండేవారు. నేను కాలేజీ గడప తొక్కలేదు. వాళ్లింటి పంపు బాగుచేయడానికి వెళ్లి, సర్క్యూట్లు నేర్చుకుంటూ ఉండిపోయాను. "అర్థం కాలేదంటే ఎవురూ కొట్టరబ్బా, అడుగు" అనేవారు. ఉప్పుగాలి తగలకుండా లాప్‌టాప్‌కు తువ్వాలు కప్పి ఉంచేవారు. తీసేటప్పుడు, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి తీసినంత నెమ్మది.

కిడ్నీలు చెడ్డాక ఆయనకు ఒక్కటే కోరిక మిగిలింది. అలల నుంచి కరెంటు తీయడానికి, నీళ్ల మీద తేలే రెండు రేకుల కెపాసిటర్. అల ఊగినప్పుడల్లా రేకుల మధ్య దూరం మారాలి, వాటిలో నిలవున్న చార్జికి వోల్టేజీ లేవాలి. సముద్రం దాకా నడవలేరు కాబట్టి, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోనైనా అది చూసి పోవాలన్నారు. కెపాసిటీ, అంటే రేకులు చార్జి పట్టే శక్తి, క్షణక్షణం మారేలా రాశారు. వోల్టేజీ గీత మాత్రం కదలలేదు. రోజూ అదే గీత. "నా ఊహే తప్పేమో" అని కళ్లు మూసుకునేవారు.

ఊహలో తప్పు లేదు. కెపాసిటీ మారనప్పుడు పనికొచ్చే కరెంటు సూత్రాన్నే మారే కెపాసిటర్‌కూ రాశారు. అది నాకు రెండోరోజే తెలిసి, దినచర్య రాసుకునే పుస్తకంలో రాసుకున్నాను. ఆయన తప్పు ఆయనకే చూపించడానికి నోరు రాలేదు.

ఒకరోజు డయాలసిస్ నుంచి వచ్చి, ఆ ఫైలు తీసెయ్యమన్నారు. అప్పుడు చెప్పాను.

"సార్, కెపాసిటీ తగ్గడమంటే నీళ్ల గోళెం గోడలు దగ్గరికి జరిగినట్టు, నీళ్లు పొయ్యకుండానే మట్టం లేస్తుంది గదా. మనం లోపలుండే నీళ్ల సంగతే రాయలా. కరెంటు వద్దు సార్, చార్జి రాద్దాం. కెపాసిటీ ఇంటూ వోల్టేజీ అని."

ఆయన నావైపు తిరిగారు. "తెలిసి ఎన్నాళ్లయింది?"

"పదకొండు దినాలు సార్."

"పదకొండు దినాలు నోట్లో ఏం పెట్టుకొనున్నావబ్బా!" నవ్వబోతే దగ్గు వచ్చింది.

వంటింట్లోంచి అమ్మగారు, "మూగోణ్ణి శిష్యుడిగా పెట్టుకుంటే ఇంతే" అన్నారు.

ఆ పదకొండు రోజులు నేను ఆయనకు తిరిగి ఇవ్వలేను.

ఒక్క లైను మార్చాను. గీత మెల్లగా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. తెర మీద అలలు వరసగా గీసుకుంటూ పోయాయి. సూది గుచ్చిన చోట ప్లాస్టర్ ఉన్న చేత్తోనే ఆయన తెరకు వేలు ఆనించారు. గీత లేస్తే వేలు లేచేది, దిగితే దిగేది. ఎండ కిటికీ దాటి గోడెక్కేదాకా అలాగే ఉన్నారు. కాసేపటికి నిద్రతో ఆయన కళ్లు మూతపడ్డాయి. వేలు మాత్రం ఊగుతూనే ఉంది.