తెలుగులో అడిగిన డాక్టరమ్మ

చంద్రపూర్‌లో మా పిల్లలను చూసిన డాక్టరమ్మ పోయిన వారం కన్నుమూశారు. ఒకప్పుడు లాల్‌పేట్‌లో మా పక్క క్వార్టర్‌లో ఉన్న వదిన ఫోన్ చేసి, "డాక్టరమ్మ పోయిందట" అని పెట్టేసింది. పొయ్యి కట్టేసి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆ రోజుల అలసట అంతా మళ్లీ ఒంట్లోకి వచ్చినట్టయింది.

పెళ్లయి మంచిర్యాల వైపు నుంచి చంద్రపూర్‌లోని లాల్‌పేట్ బొగ్గు గని క్వార్టర్లకు వచ్చినప్పుడు, ఇళ్ల మీద కేబుల్ టీవీ తీగలు కొత్తగా పాకుతున్నాయి. గనుల్లో మనుషులను తగ్గిస్తారట అని మగవాళ్లు రోజూ అనుకునేవారు. సెలవడగాలంటే మా ఆయనకు భయం. పిల్లకు జబ్బు చేస్తే దవాఖానకు నేనే పోవాలి. నాకు మరాఠీ రాదు. హిందీ నాలుగు ముక్కలు.

మా పెద్దదానికి ఏడాది నిండకముందే దగ్గు పట్టింది. దగ్గర్లోని డాక్టరు మరాఠీలో ఏవేవో అడిగాడు. నాకు తెలిసిన మాట ‘ఖాసీ’ ఒక్కటే. అదే చెప్పాను. దగ్గు మందు రాసిచ్చాడు. ఆయన తప్పేమీ లేదు, నేను చెప్పగలిగింది అంతే. మర్నాటికి పిల్ల పాలు మానేసింది.

వదిన చూసి, "బజారుకాడ ఒక డాక్టరమ్మ ఉన్నది. తెలుగుల మాట్లాడతది. నడువ్" అని రిక్షా ఎక్కించింది.

అక్కడ వరుసలో ఎక్కువమంది మా గనుల వాళ్లే. ఒకామె జివతి గుట్టల నుంచి బస్సు మారి వచ్చింది. నా వంతు రాగానే డాక్టరమ్మ తలెత్తి, "ఏమైంది బిడ్డా?" అన్నారు.

"పాలు తాగుతలేదమ్మా. డొక్కలెగరేస్తుంది."

ఆ మాటతో ఆమె కలం కింద పెట్టేశారు. "ఎప్పటిసంది?"

"పొద్దుగాలసంది."

"అంగి ఇప్పు."

నిమోనియా. పిల్లను అక్కడే చేర్చుకున్నారు. సాయంత్రానికి దాని ఊపిరి కాస్త కుదుటపడ్డాక నా వైపు తిరిగి, "నువ్వేమన్న తిన్నవా?" అని అడిగారు. అప్పుడు ఏడ్చాను.

ఆమె అక్కడి తెలుగు వ్యాపారుల ఇంటి ఆడపిల్ల. మరాఠీ బడిలో చదివారు. తెలుగు చదవడం రాదు, మాటలన్నీ నాయనమ్మ దగ్గర నేర్చినవే. "పసిదానికి నోరు లేదు. తల్లికి గూడ లేకపోతే నేనెవల్ని అడగాలె?" అనేవారు. మళ్లీ ఆమే కసిరేవారు. "మరాఠీ నేర్చుకో. నేను ఎప్పటికి ఉంటనా?" ఆమెకు భయపడే మెల్లగా నేర్చుకున్నాను.

ఒకసారి మా క్వార్టర్ల లైన్‌లోని ఒకామెకు తోడుగా దవాఖానకు వెళ్లాను; ఆమె కొడుకు దక్కలేదు. నర్సు మరాఠీలో చెప్పబోతుంటే డాక్టరమ్మ ఆపి, తానే వచ్చి ఆ తల్లి పక్కన బల్ల మీద కూర్చున్నారు. "బిడ్డా, బాబు మనకు దక్కలేదు" అన్నారు. ఆ తల్లి ఏడుస్తున్నంతసేపూ లేవలేదు. తర్వాత మొహం కడుక్కుంటూ నాతో, "తెలుగుల చెప్పేదాన్ని ఈడ నేనొక్కదాన్నే గదా. ఇసుంటియి గూడ నేనే చెప్పాలె" అన్నారు. కొంగుతో తుడుచుకుని తర్వాతి పిల్లను పిలిచారు.

మా పెద్దదానికి ఇప్పుడు మరాఠీయే ముందు వస్తుంది. డాక్టరుకు ఎట్లా చెప్పాలన్న బెంగ దానికి లేదు. ఆ బెంగ ఎట్లా ఉండేదో చెప్పినా పూర్తిగా అర్థం కాదు. కానీ, డాక్టరమ్మ పోయారని చెప్తే చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అప్పట్లో మేం లాల్‌పేట్ నుంచి దగ్గర్లోని భద్రావతికి మారే ముందు చెప్పి పోదామని ఒక ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లాను. కరెంటు లేదు. వరుస అయిపోయింది. ఎవరో తల్లి మందులకు పోయినట్టుంది, ఆమె బిడ్డ డాక్టరమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. ఆమెను లేపబుద్ధి కాక గుమ్మంలోనే నిలబడ్డాను. డాక్టరమ్మ చెప్పులు విడిచి, వీపు గోడకు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. తల ఒక పక్కకు వాలింది. చెయ్యి మాత్రం ఆ పసివాడి వీపు మీద మెల్లగా జోకొడుతూనే ఉంది.