పొదిగించినవాడికి గడి లేదు

ఈ రోజు నా మీద కేసు రాశారు. నేరం, నాలుగు అడవి బాతు పిల్లలు.

పుంగనూరు దగ్గర రెడ్డిగారి తోటలో చెరుకు కొడుతుంటే గుడ్లు కనబడ్డాయి. తల్లి మళ్లీ రాలేదు. తెచ్చి పొదుగుకు కూర్చున్న మా కోడి కింద పెట్టాను. పిల్లలకు ఇప్పుడు రెక్కలొస్తున్నాయి.

పొద్దున మదనపల్లె నుంచి ఫారెస్టు గార్డు కాగితం పట్టుకుని వచ్చాడు.

"యాడ పట్టినావప్పా ఈటిని?"

"పట్టలేదు సార్, పొదిగించినాను."

"పొదిగించినోడికి ఇందులో గడి లేదు. పట్టినాడు, సంపినాడు, రెండే ఉండాయి. ఒకటి సెప్పు."

"అయితే మీరే ఎత్తకపోండి."

"ఎత్తకపోయి నా నెత్తిన పెట్టుకుంటానా?"

"చెరువులో ఇడిసేస్తా."

"ఇడిస్తే ఇంగో కేసు. ఆర్డరు వచ్చేదాకా నీ కాడే ఉండల్ల. ఒకటి తగ్గినా నిన్ను లోపలేస్తాం."

పెంచడం నేరమట, వదలడమూ నేరమట! నాకు బడి లేకపోయినా చదువు సొంతంగా నేర్చుకున్నాను. ఆ కాగితం అక్షరం వదలకుండా చదివాను. 'పట్టినాడు' గడిలో టిక్కు ఉంది. సంతకం పెట్టకపోతే స్టేషనుకే అన్నాడు. పెట్టాను.

సాయంత్రం గంప ఎత్తగానే నాలుగూ నా వెంటే వచ్చాయి. ఒకటి రెక్కలు కొట్టుకుని మోకాలెత్తు లేచింది. నిన్నైతే సంబరంతో మా అమ్మను కేకేసేవాణ్ణి. ఈ రోజు గబుక్కున దాని మీద గంప బోర్లించాను.

పొద్దున రాసిన అబద్ధం సాయంత్రానికి నిజమైంది. పట్టినాను. మీరైతే గంప ఎత్తుతారా? చెప్పండి.