జడ తప్పిన స్వెటర్

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నానంటే, ఒంట్లో బాగాలేదేమోనని మా అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఇప్పుడు నాకు అరవై దాటాయి. బ్యాంకులో వరసలో నిలబడ్డా, కంటి డాక్టరు పిలుపు కోసం కాచుక్కూర్చున్నా, నిజామాబాద్‌లో బస్సెక్కి ఆర్మూరులో దిగేలోపలైనా నా సంచిలోంచి ఊలు ఉండ బయటికి వస్తుంది. ఫోనుకు సంచి, బల్ల మీదికి గుడ్డ, మనవలకు టోపీలు, గుమ్మానికి పూలతోరణం, ఏదో ఒకటి అల్లుతూనే ఉంటాను. ఈ ఎండల ఊళ్ళో ఇన్ని స్వెటర్లు ఎవరు వేసుకుంటారని మా అమ్మాయి నవ్వుతుంది. కొత్త డిజైను యూట్యూబ్‌లో చూసి, నచ్చకపోతే విప్పేసి, మళ్ళీ మొదలుపెడతాను. చూసినవాళ్ళు నాకు చాలా ఓపిక ఉందంటారు. అది ఓపిక కాదని నాకు తెలుసు. చేతులు ఖాళీగా ఉంటే నా మనసు ఎక్కడెక్కడికో పోయి, చూడకూడనివన్నీ చూసి వస్తుంది. ఆ అవస్థ నాకు తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి తెలిసింది. అల్లిక పట్టుకున్నదీ అప్పుడే.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్ళం. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చలికాలంలో చెరుకు ఆడటం మొదలైందంటే రెంజల్ వైపు నుంచి చెరుకు బండ్లు మా ఇంటి ముందు రోడ్డు మీద బారులు తీరి నిలబడేవి. ఊరంతా పాకం మాడినట్టు తియ్యటి వాసన వేసేది. పక్కింట్లో నేను అక్కా అని పిలిచే అమ్మాయి, వాళ్ళ బాపు ఇద్దరే ఉండేవారు. చర్చికి పోయే కుటుంబం. అక్కకు ఇరవై ఏళ్ళుంటాయేమో, తల్లి లేదు. వాళ్ళ బాపు చక్కెర బస్తాల లారీ నడిపేవాడు, రెండు రోజులకోసారి నిజామాబాద్ పోయివచ్చేవాడు. తెల్లవారుజామున చలిలో బండి తీసే తండ్రి కోసం అక్క క్రిస్మస్‌లోపల ఒక స్వెటర్ పూర్తి చేయాలని కూర్చుంది. బూడిదరంగు ఊలు, ఛాతీకి రెండువైపులా రెండు జడల డిజైను. ఆరేసి వరసలకు ఒకసారి కుట్లను ఇటువి అటూ అటువి ఇటూ దాటించి తిప్పితే, ఆడపిల్ల నూనె రాసి బిగించి వేసుకున్న జడలాగా అల్లిక పైకి పాకుతూ వచ్చేది. ఆమె చేతిలో ఒక్క కుట్టు తప్పడం నేను చూడలేదు.

ఆ మార్గశిరంలో మా అమ్మకు ఎనిమిదో నెల. ఒక సోమవారం పొద్దున అమ్మ కాళ్ళూ మొహమూ ఉబ్బిపోయాయి, కళ్ళు మసకలు కమ్ముతున్నాయంది. మా బాపు ఎవరిదో జీపు మాట్లాడి ఆమెను నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. నన్ను తీసుకుపోలేదు. మా అవ్వ సిరికొండ దగ్గర పల్లెలో ఉండేది, ఆమెకు కబురు అందేసరికే రెండు రోజులు పడుతుంది. అందుకని బాపు నన్ను అక్క చేతిలో పెట్టి, రేపో ఎల్లుండో వస్తామని చెప్పి జీపెక్కాడు. జీపు వెనక అద్దంలోంచి అమ్మ నన్ను చూసిందో లేదో నాకు తెలియలేదు.

ఆ రోజు నేను రోడ్డు మీదికి ఎన్నిసార్లు ఉరికానో లెక్కలేదు. నిజామాబాద్ బస్సు వచ్చిన ప్రతిసారీ దిగేవాళ్ళ మొహాలన్నీ చూసి, వెనక్కి వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ పోయేదాన్ని. ఫోన్లు లేని రోజులు. ఎవరైనా మనిషి వచ్చి చెబితేనే తెలియాలి. అక్క నన్ను ఒక్కమాట కూడా అనలేదు. మధ్యాహ్నం నన్ను పిలిచి గడప మీద కూర్చోబెట్టి, రెండు సూదులూ ఒక పసుపుపచ్చ ఊలు ఉండా చేతికిచ్చింది. పుట్టబోయే పాపకో బాబుకో టోపీ అల్లమంది. ఒక కుట్టు సీదా, ఒక కుట్టు తిరగేసి ఉల్టా, అంతేనంది. నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నాలుగు కుట్లు వేయించింది.

నాకు చేతకాలేదు. ఊలు బిగించి లాగేదాన్ని, సూది దూరేది కాదు. రెండు కుట్లు వేసి తల ఎత్తేదాన్ని, అమ్మ ఎప్పుడొస్తదని అడిగేదాన్ని. ఈ వరస అయినంక అడుగు అనేది అక్క. వరస కాగానే అడిగేదాన్ని. ఇంకో వరస అయినంక అనేది. అది మోసమని నాకు అర్థమయ్యేది, అయినా ఆ వరస అల్లేదాన్ని. మంగళవారమంతా అట్లాగే గడిచింది. టోపీ ఒక బెత్తెడు పెరిగింది, అంచులు వంకర్లు పోయాయి.

బుధవారం పొద్దెక్కాక అక్క వాళ్ళ బాపు లారీ ఆపి దిగాడు. ఆయన నిజామాబాద్ నుంచే వస్తున్నాడని నాకు తెలుసు. నేను ఎదురు ఉరికితే ఆయన నా తల మీద చెయ్యి వేసి లోపలికి పోయాడు. ఇద్దరూ పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఆయన మెల్లగా ఏదో చెబుతున్నాడు, అక్క తల వంచుకుని వింటోంది. తరువాత ఆయన మొహం కడుక్కుని, అన్నం తినకుండానే మళ్ళీ లారీ తీసుకుని పోయాడు. అక్క లోపలికి వచ్చింది.

ఏమన్నాడని అడిగాను.

"ఇంకా ఏం తెల్వదంట బిడ్డా. అల్లు," అంది.

ఆమె గొంతు రోజూలాగానే ఉంది. నా పళ్ళెంలో అన్నం పెట్టింది, తాను పెట్టుకోలేదు. చాప మీద కూర్చుని స్వెటర్ తీసి ఒడిలో పెట్టుకుని అల్లడం మొదలుపెట్టింది. అంత వేగంగా ఆమె అల్లడం నేను అంతకుముందు చూడలేదు. సూదులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినిపించడం లేదు. నేను రోడ్డు మీదికి పోదామని రెండుసార్లు లేచి, ఆమెను చూసి కూర్చున్నాను. అంత నిమ్మళంగా కూర్చుని అల్లుతోందంటే అమ్మకు ఏమీ కాలేదనే కదా అర్థం, అనుకున్నాను. మూడు రోజుల్లో మొదటిసారి నా కాళ్ళు కుదురుకున్నాయి. పక్కనే కూర్చుని, ఒకటి సీదా ఒకటి ఉల్టా లెక్కపెట్టుకుంటూ, పొద్దు వాలేసరికి టోపీ పూర్తి చేసేశాను. చివర ఎట్లా ముగించాలో రాక, నాకు తోచినట్టు ముడి వేసి, పళ్ళతో కొరికి దారం తెంపాను.

టోపీ ఆమె ముందు పెట్టాను, చూడలేదు. స్వెటర్ ఎంత పెరిగిందో చూద్దామని దాని కొస పట్టుకుని నేనే లేపాను. కింది భాగంలో జడలు చక్కగా మెలికలు తిరుగుతూ వచ్చాయి. ఆ పైన జానెడు మేర మెలికే లేదు. కుట్లు తిన్నగా పైకి పోయాయి, జడ విప్పేసి వదిలేసిన జుట్టులాగా. మధ్యలో రెండుచోట్ల కుట్లు జారిపోయి చిన్న చిన్న బెజ్జాలు కూడా పడ్డాయి.

"అక్కా, జడ తిప్పనే లేవు నువ్వు," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. అల్లికను వెలుతురుకు పెట్టి, అది వేరేవాళ్ళదన్నట్టు చూసుకుంది. ఎవరూ ఏమీ చెప్పకముందే నాకు సగం తెలిసిపోయింది.

"తమ్ముడు పుట్టిండంట," అంది అక్క. "పుట్టి, ఉండలే. అమ్మకు ఇంకా తెలివి రాలేదంట."

"పొద్దుగాల్నే తెల్సా నీకు?"

"తెల్సు."

"అబద్ధం చెప్పినవు."

"చెప్పిన," అంది.

అమ్మ బతుకుతదా అని అడిగాను. తెల్వదు బిడ్డా, ఈసారి నిజంగనే తెల్వదు అంది. నేను లేచి బయటికి ఉరికాను. ఎక్కడికని కాదు, నిజామాబాద్ రోడ్డు పట్టుకుని, చెరుకు బండ్ల పక్క నుంచి, ఎడ్ల కొమ్ములు తగులుతాయన్న భయం కూడా లేకుండా. అక్క నన్ను ఆపలేదు, పిలవలేదు. వెనక్కి తిరిగి చూస్తే చెప్పులు లేకుండా పది అడుగుల దూరంలో వస్తోంది. నేను ఉరికితే ఉరికింది, నడిస్తే నడిచింది. ఊరు దాటాక కాలువ దాటించే ఒక మోరీ గోడ మీద కూలబడ్డాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. దాటిపోతున్న బండ్లవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

అక్కడ కూర్చుని ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తాయి.

"నీకు చెప్పే ధైర్యం నాకు రాలే. మా అమ్మ పోయినప్పుడు నాకు గూడ ఎవ్వరు చెప్పలే, అందరు అన్నం తిను అన్నరు. నేను గట్ల చెయ్యొద్దనుకున్న. మల్ల గదే చేసిన." మళ్ళీ తనే అంది, "అల్లుకుంట కూసుంటే ఎట్ల చెప్పాల్నో తోస్తదనుకున్న. ఏం తోయలే. పొద్దు పోయింది."

అప్పటిదాకా నాకు పెద్దవాళ్ళంటే ఏం చేయాలో తెలిసినవాళ్ళు. వాళ్ళు కదలకుండా కూర్చోగలరు కాబట్టి వాళ్ళకు భయం ఉండదనుకునేదాన్ని. ఆ సాయంత్రం మోరీ మీద కూర్చున్న అక్క వేళ్ళు చూశాను. సూదులు లేకపోయినా అవి కదులుతూనే ఉన్నాయి, కొంగు అంచును మెలిపెడుతూ, విప్పుతూ. మధ్యాహ్నమంతా నేను నిమ్మళమని అనుకున్నది ఇదన్నమాట. నా కాళ్ళు రోడ్డు మీద ఉరికిన దూరమంతా ఆమె చేతులు ఒడిలోనే ఉరికాయి. కోపం పోలేదు గానీ, ఆమెకు దగ్గరగా జరిగి కూర్చున్నాను.

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం బయల్దేరాం. లోపలికి రానివ్వకపోయినా బయట కూర్చుందామంది అక్క. ఎడపల్లి దాటేదాకా నేను కిటికీ కడ్డీ వదల్లేదు. ఆసుపత్రి వరండాలో మా బాపు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్ళు ఎర్రబడి, నన్ను చూడగానే ఎందుకు తెచ్చావన్నట్టు అక్క వైపు చూశాడు. నాకు అన్నీ తెలుసని అక్క చెప్పింది. ఆయన నన్ను దగ్గరికి లాక్కుని నా జుట్టులో మొహం దాచుకున్నాడు. మా బాపు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

చిన్నపిల్లలను లోపలికి పంపరు. పొద్దున్నుంచీ ఆ వరండాలోనే. నేను లేచి తలుపు దాకా పోవడం, తిరిగి రావడం, మళ్ళీ పోవడం. అక్క సంచిలోంచి స్వెటర్ తీసి, సూది లాగేసి, తప్పు పోయిన జానెడునూ విప్పడం మొదలుపెట్టింది. ఊలు కొస నా చేతికిచ్చింది. ఈసారి ఆమె ఏ ఉపాయమూ పన్నలేదు, ఏ వరస లెక్కా చెప్పలేదు. ఆమె విప్పుతుంటే నేను ఉండ చుట్టాను. ఉంగరాలు తిరిగిన ఊలు నా వేళ్ళ మధ్య నుంచి జరజరా వస్తుంటే మధ్యలో అడిగాను, అమ్మ చచ్చిపోతే నేనేం చేయాలని. ఆమె విప్పడం ఆపి కొంచెం ఆలోచించి, నాకు తెల్వదు, కానీ నిన్నొక్కదాన్ని ఉంచం అంది. బాపు విన్నాడు, తలాడించాడు. భయం తగ్గలేదు. కానీ ముగ్గురం ఒకే భయంతో ఒకచోట కూర్చున్నాం. నిన్నటి మధ్యాహ్నం కంటే అది మేలనిపించింది.

మూడు గంటలప్పుడు నర్సు వచ్చి అమ్మ కళ్ళు తెరిచిందని చెప్పింది. సాయంత్రానికి నన్ను ఒక్క నిమిషం పంపారు. అమ్మ మొహం తెల్లగా, ఎవరిదోలాగా ఉంది. టోపీ నా గౌను జేబులో ఉంది. ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తెలియలేదు, అడిగేందుకు అక్క పక్కన లేదు. నేనల్లిన అని చెప్పి చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెదాలకు ఆనించుకుని, గట్టిగా ఏడ్చింది. నేను తప్పు చేశాననుకున్నాను. తెలివొచ్చినప్పటి నుంచి రాయిలా పడి ఉంది, ఏడవనీ, మంచిదే అన్నాడు నాతో లోపలికొచ్చిన బాపు.

అమ్మ పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది, నా పెళ్ళి చూసింది, నా పిల్లలను ఎత్తుకుంది. స్వెటర్ క్రిస్మస్‌కు కాలేదు, జనవరి చివర ఎప్పుడో అయింది. మరుసటి ఏడు అక్క పెళ్ళి చేసుకుని జక్రాన్‌పల్లి వైపు వెళ్ళిపోయింది. తరువాత రెండుసార్లే కలిశాం. రెండుసార్లూ ఆ మధ్యాహ్నం మాట ఆమే ఎత్తింది, రెండుసార్లూ నేను మాట మార్చాను. ఆ కొన్ని గంటలు ఆమె నాకు ఇచ్చిందో, నా దగ్గరి నుంచి తీసుకుందో అప్పుడూ తేల్చుకోలేదు, ఇప్పుడూ తేల్చుకోలేకపోతున్నాను. నా టోపీ పూర్తయింది ఆ గంటల్లోనే కదా.

పోయిన ఏడాది మా ఆయనకు గుండె ఆపరేషన్ జరుగుతుంటే మా మనవరాలు నా పక్కన కూర్చుంది. పదేళ్ళ పిల్ల. తాతయ్యకు ఏమీ కాదు కదా అమ్మమ్మా అని అడిగింది. పక్కనున్న మా అమ్మాయి, ఏమీ కాదని చెప్పమన్నట్టు నాకు కళ్ళతో సైగ చేసింది. నేను అల్లుతున్నదాన్ని సంచిలో పెట్టేశాను. డాక్టరు చెప్పిందంతా, ఏది భయమో ఏది ఆశో, నాకు అర్థమైనంత దానికి చెప్పాను. మిగతాది నాకు తెలియదన్నాను, నాకూ భయంగానే ఉందన్నాను. అది ఏడ్చింది. మా అమ్మాయికి నా మీద కోపం వచ్చింది. నేను చేసింది సరైనదేనా అని నాలో నేను కొట్టుకుంటూనే ఉన్నాను. అంతలో ఆ పిల్ల మొహం తుడుచుకుని, ఖాళీగా ఉన్న నా రెండు చేతులనూ తన ఒళ్ళోకి లాక్కుని, ఆపరేషన్ గది తలుపు తెరుచుకునేదాకా వదల్లేదు.