బుడగ మాస్టారి మోకాలి పట్టీ

మా మాస్టారి అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. రాడార్‌ను మోసే ముక్కాలిపీట సమంగా కూర్చుందో లేదో చూసే రసమట్టంలో, బుడగ నడిమికి వచ్చేదాకా ఆయన ఎవరినీ వదిలేవారు కాదు. అందుకే బుడగ మాస్టారయ్యారు. ఇరవై రెండేళ్లుగా అదే మైదానం, సైనికులకు అదే పాఠం. లారీలోంచి దించు, కాళ్లు పాతు, బుడగ చూడు, ఉత్తర దిక్కు పట్టు, స్తంభం లేపు. జనరేటర్ హోరుకు ఒక చెవి పోయింది. స్తంభం జారి మీద పడి మోకాలు పోయింది. దానికి రెండు పక్కలా ఉక్కు పలకలున్న పట్టీ కట్టుకునేవారు. "నాలో మిగిలింది నోరొక్కటే రా" అనేవారు, నవ్వకుండా.

ఆ నోరు రోజూ ఒకటే మొత్తుకునేది. దిక్సూచి పట్టుకున్నవాడి ఒంటి మీద ఇనుము ఉండకూడదు. తుపాకీ, హెల్మెట్, తాళంచెవులు అన్నీ ఇరవై అడుగుల అవతల పెట్టాలి. లేకపోతే ముల్లు పక్కకు తిరుగుతుంది, తెర మీద విమానం లేనిచోట కనపడుతుంది. ఆయన కూడా ముందు పట్టీ విప్పి లారీలో పడేసి, కుంటుకుంటూ వచ్చేవారు.

మా పరీక్ష రోజున మాత్రం విప్పలేదు. మర్నాడు పొద్దున్నే పట్నంలో ఆయన భార్యకు కంటి ఆపరేషన్. ఈయనకు కుదరక రెండుసార్లు వాయిదా వేసుకున్న ఆవిడ, ఈసారి ఒక్కదాన్నే వెళ్తానంది. ఆ సాయంత్రం నాలుగింటి బస్సుకు తప్పకుండా వస్తానని ఈయన మాటిచ్చారు. బాగా అలసిపోయి ఉన్నారు, కళ్లు గుంటలు పడ్డాయి. దిక్సూచిని ఆ మోకాలి మీదే ఆనించి ఉత్తరం చూసి, గుర్తుకు కర్ర మేకు పాతి, "కానివ్వండి" అన్నారు.

నేను చూశాను. మాస్టారికి చెప్పేంతటివాడినా అని నోరు మూసుకున్నాను.

పద్దెనిమిది నిమిషాల్లో రాడార్ లేచింది. బుడగ నడిమధ్యనే ఉంది. తెర మీద మాత్రం, ఎదురుగా కొండ మీదున్న నీళ్ల ట్యాంకు, పటంలో ఉన్న దిక్కుకు ఆరు డిగ్రీలు పక్కకు జరిగి కనిపించింది.

"దగ్గరదగ్గరగానే ఉందిగా. సంతకం పెట్టేసి బస్సెక్కండి" అన్నాడు మా అధికారి.

మూడున్నరైంది. మాస్టారు తెర వంక చూశారు, మేకు వంక చూశారు, చివరికి తన మోకాలి వంక చూసుకున్నారు.

"తప్పు నాది. ఎవడూ చూడలేదా?"

"నేను చూశానండి" అన్నాను.

"చూసి ఊరుకున్నావా? రేపు నేనుండను, నీ పై అధికారి ఉంటాడు. అప్పుడూ ఇలాగే మొహమాటపడతావా?"

నాలుగు తిట్టినా బాగుండేది. పట్టీ విప్పి నా చేతికిచ్చి, "ఇరవై అడుగులు" అన్నారు. స్తంభం దించాం, తీగలు చుట్టాం, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాం. ట్యాంకు ఉండాల్సిన చోట కనపడ్డాకే మా పరీక్ష కాగితం మీద సంతకం పెట్టారు. అప్పటికి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

మర్నాడు జీపులో నేనే తీసుకెళ్లాను. చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆవిడ కంటికి కట్టుతో మంచం మీద ఉంది.

"డీజిల్ వాసన వచ్చింది. వచ్చారన్నమాట" అంది. కోపం లేదు, అలసటే ఉంది. "మీ పిల్లలు పాసయ్యారా?" అని అడిగింది.

మాస్టారు అప్పటికే స్టూలు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, మంచం అంచుకు తల ఆనించి నిద్రపోయారు. ఆవిడ పక్కకు ఒరిగి, తడుముకుంటూ ఆయన మోకాలు పట్టుకుని, పట్టీ వదులు చేసింది.

"ఒళ్లలిసిపోతే ఇది విప్పడం మర్చిపోతారు బాబూ. అక్కడ మీలో ఎవరైనా కాస్త గుర్తుచేస్తూ ఉండండి" అంది.