మరియమ్మ చెప్పని అలవాటు

మఠంపల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండే మరియమ్మ ఏడాదిగా పిల్లలకు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే వడ్డిస్తోంది. పొయ్యి పొగకు దగ్గొస్తుందని అడిగినవాళ్లకు చెప్పేది. అసలు సంగతి వేరు. ఒకరోజు రెండో తరగతి పిల్ల ఒకతె కంచం చాపి, మరియమ్మ నోటి వాసనకు ముఖం పక్కకు తిప్పి ముక్కు మూసుకుంది. ఆనాటి నుంచే మరియమ్మ కొంగు అడ్డం పెట్టుకోవడం.

కుడి దవడలో కింది పన్ను పుచ్చి నాలుగేళ్లయింది. మొదట్లో చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. మందుల షాపులో గోలీలు తెచ్చుకుని మింగేది. నొప్పి తగ్గగానే మరిచిపోయేది. తర్వాత ఎవరో చెబితే ఆ పంటి పక్కన చిటికెడు తంబాకు, అదే నమిలే పొగాకు, పెట్టడం మొదలుపెట్టింది. మొద్దుబారి హాయిగా ఉండేది. రాను రాను నొప్పి లేకపోయినా చెయ్యి పొట్లం మీదికే పోయేది. ఈ ముచ్చట భర్త మత్తయ్యకు కూడా తెలియదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది తనే. తెలిస్తే నలుగురిలో తలెత్తుకోవడమెలా?

ఆగస్టులో చెంప ఉబ్బి నోరు తెరుచుకోలేదు. కోడలు దీప బలవంతంగా కోదాడ తీసుకుపోయింది. పళ్ల డాక్టరు స్రవంతి ఎక్స్‌రే చూపించింది.

"పన్ను తీయడం మాకూ ఇష్టముండదమ్మా. మొదట్లోనే వచ్చుంటే నరం శుభ్రం చేసి, పైన తొడుగేసి నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు వేరు దాకా చీలింది. కింద చీము పట్టి ఎముకను తింటోంది. ఉంచితే పక్క పళ్లూ పోతాయి." ఆపైన అడిగింది. "తంబాకు అలవాటుందా?"

పక్కనే దీప ఉంది.

"అయ్యో, మాకు గట్లాంటివేం లేవమ్మా" అంది మరియమ్మ.

వాపు తగ్గాక పన్ను తీశారు. గుంతలో గడ్డకట్టిన రక్తమే పుండుకు మూత అనీ, గట్టిగా ఉమ్మొద్దనీ, పొగాకు దగ్గరికి రానీయొద్దనీ డాక్టరు మరీమరీ చెప్పింది. రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు ఎడమ బుగ్గలో పెట్టుకుంటే ఏమవుతుందిలే అనుకుంది. మర్నాటికి చెవి దాకా సూదులతో పొడిచినట్టు పోటు.

మళ్లీ కోదాడ.

"గడ్డ ఊడిపోయింది, లోపల ఎముక బయటపడింది. ఏం చేశారు?" అంది డాక్టరు.

మరియమ్మ నేల చూపులు చూసింది. "తంబాకు ఏసిన. మూడేండ్ల సంది ఏస్తున్న. ఆనాడు మీకు అబద్ధం చెప్పిన."

డాక్టరు కోప్పడలేదు. గుంత కడిగి మందు పెట్టింది. బుగ్గలోపల ఒకచోట చర్మం తెల్లబడిందని, అది క్యాన్సరుగా మారుతుందేమో చూడాలని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకొమ్మంది. దీప మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. డాక్టరు తిట్టినా మరియమ్మకు ఇంత సిగ్గయ్యేది కాదు.

బస్సులో దీపే నోరు విప్పింది. "మామకు నేను చెప్ప. నువ్వే చెప్పు అత్తమ్మా."

ఆ సాయంత్రమే చెప్పింది. మత్తయ్య ఆమె చెంపకేసి చూశాడు. "నొప్పయితుందని నాకు ఒక్కమాట చెప్తే అయిపోతుండె గదనే" అన్నాడు.

ఆ ఆదివారం పాట ఎత్తుకొమ్మంటే మరియమ్మ తల దించుకుని వెనక బెంచీలో కూర్చుంది. నవంబరులో డాక్టరు మళ్లీ తంబాకు గురించి అడిగితే, మరియమ్మ దాచకుండా, దీప ఎదుటే, ముఖం ఎర్రబడుతుండగా చెప్పింది. "పోయిన వారం ఒక్కసారి ఏసిన."