కంటిలో మట్టం

టైల్స్ మేస్త్రి పరిచిన గచ్చు మీద గోలీ పెడితే, ఎటు దొర్లాలో తెలియక అది దిగులు పెట్టుకునేదని చెప్పుకునేవారు. నేల సమంగా ఉందో లేదో చూడటానికి నీటిబుడగ ఉండే రసమట్టం మిగతా మేస్త్రీలందరికీ కావాలి. అతను మాత్రం ఒక కన్ను మూసి, రెండో కంటితో చూసి నేల వాలు చెప్పేసేవాడు. ఆ చూపే అతని బతుకు.

ఒకనాడు టైల్స్ వరసకోసం దారం బిగిస్తుంటే కొయ్యమేకు ఊడివచ్చి, దాని మొద్దు తల ఆ కంటికే ఫెడేలున తగిలింది. పైకి గాయం లేదు. లోపల నల్లగుడ్డు ముందు నెత్తురు చేరింది.

కళ్ల డాక్టరమ్మ చుక్కలు వేసి, కంటికి గట్టి మూత అతికించింది.

"పడుకున్నా తల ఎత్తుగానే ఉండాలి. వంగకు, కుదపకు. ఈ నెత్తురు కిందికి దిగి, దానంతటదే ఇంకిపోతుంది. మళ్లీ కారిందంటే మాత్రం కన్ను దక్కుతుందని చెప్పలేను."

ఇంట్లో దిండ్లన్నీ వీపు వెనక చేర్చుకుని జమీందారులా కూర్చున్నాడు. చుక్కలు వేయడానికి భార్య మూత తీసినప్పుడు అద్దంలో చూసుకున్నాడు. నెత్తురు అడుగున నిలిచి, పైన గీత గీసినట్టుంది. తల పక్కకు వాల్చాడు. గీత నిదానంగా జరిగి, మళ్లీ నేలకు సమంగా నిలిచింది.

"ఒసేయ్, దేవుడు నా కంట్లోనే రసమట్టం పెట్టాడే!"

"నోరు ఎంతైనా ఆడించు. తల కదిపావో, చూడు!"

ఆమె పనికి వెళ్లాక సున్నాలు వేసే బావమరిది పలకరించడానికి వచ్చాడు. మేస్త్రి మూత తీసేశాడు.

"ఎటు వంచినా మట్టం తప్పదు, చూడరా."

"ఏదీ, ఇటు వంచు బావా... అబ్బో! ఇక పనిలోకి నిన్నే తీసుకుపోయి గోడకి ఆనిస్తే సరి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మూత మంచం కిందికి జారితే మేస్త్రే వంగి తీసుకున్నాడు.

మర్నాడు గీత పైకి జరిగింది. భార్య చూసి, వీపు వెనక దిండ్లు ఇంకాస్త ఎత్తుగా సర్దింది. సాయంత్రానికి గీతే లేదు. కన్నంతా నల్లగా నిండిపోయింది. తల పగిలే నొప్పి, వాంతులు.

"లోపల ఒత్తిడి పెరిగిపోయింది. కోసి కడగాలి," అంది డాక్టరమ్మ. ఎందుకిలా అయిందని డాక్టరమ్మ అడిగితే, తోడొచ్చిన బావమరిది గోడ వైపు చూశాడు.

ఆపరేషనయ్యి కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ భార్యను ఎదురుగా నిలబెట్టి, మేస్త్రి మంచి కంటిని అరచేత్తో మూసింది.

"ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

చాలాసేపు చూశాడు.

"ఎవరో ఉన్నారు... నువ్వేనా?"

భార్య పలకలేదు. గొంతు వింటే పోల్చేస్తాడు. చూసే పోలుస్తాడేమోనన్న ఆశతో, నోటికి కొంగు అడ్డుపెట్టుకుని, అలాగే నిలబడింది.